టెక్సాస్‌లో మంచు తుఫాను హెచ్చరిక వస్తే ఏం చేయాలి

2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున డాలస్ పక్కనే ఉన్న ప్లేనోలో మా ఇంటికి కరెంటు పోయింది. మర్నాటికి డాలస్‌లో చలి మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కి దిగింది. మాది గ్యాస్ హీటరే, కానీ వేడిగాలిని తోసే ఫ్యాన్ కరెంటు మీదే తిరుగుతుంది. ఆ తుఫానులో టెక్సాస్‌లో 246 మంది చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వ లెక్క. ఈ ఊళ్ళకి కొత్తగా వచ్చిన మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. రెండో రాత్రి మా అత్తగారు "బొగ్గుల గ్రిల్ లోపలికి తెండి నాయనా, కుంపటిలా పెట్టుకుందాం" అన్నారు. పెంకుటింట్లో గాలి ఆడుతుంది, అక్కడ చెల్లింది. ఇక్కడి ఇళ్ళకి సందు ఉండదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆ వారం అలా పోయినవాళ్ళున్నారు. గరాజ్‌లో కారు ఆన్ చేసి కూర్చోవడం కూడా అంతే ప్రమాదం. గ్యాస్ పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగించి వండుకోండి, గది వెచ్చబెట్టడానికి మాత్రం వాడకండి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఈరోజే కొనండి.

తర్వాత పైపులు. చాలా ఇళ్ళలో అవి అటకలోంచి, బయటి గోడల్లోంచి వెళ్తాయి. వేడినీళ్ళు, చన్నీళ్ళు రెండూ సన్నటి ధారగా వదలండి, సింక్ కింద తలుపులు తెరిచి ఉంచండి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ముందే చూసుకోండి. చాలామందికి వీధి వైపు గడ్డిలో, మీటరు మూత కింద ఉంటుంది. ట్యాపులో నీళ్ళు రాకపోతే పైపు గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే వాల్వ్ కట్టేయండి. పైపు పగిలినా మంచు కరిగేదాకా తెలియదు. మా పక్కింట్లో ఎండ వచ్చిన రోజే సీలింగ్ ఊడి హాల్లో పడింది.

బకెట్లు, బాత్‌టబ్ నింపి పెట్టుకోండి. అటుకులు, కందిపొడి, పచ్చళ్ళు, పెద్దవాళ్ళ మందులు రెండు వారాలకి సరిపడా ఉండాలి. అందరూ ఒకే గదిలో పడుకుని, తలుపు కింద తువ్వాలు కుక్కండి.

మీకు కరెంటు ఉంటే పక్కవాళ్ళ తలుపు తట్టండి. మూడో రోజు మా ఎదురింటి పెద్దాయన వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళారు. ఫైర్ స్టేషన్ ఉన్న లైను కాబట్టి వాళ్ళకి కరెంటు తీయలేదట. అలా ఎవరైనా పిలిస్తే మొహమాటపడకుండా వెళ్ళండి. మందులు, ఛార్జర్లు, ఇంత బియ్యం వెంట తీసుకెళ్ళండి.