చేత్తో నొక్కితే పనిచేసే బటన్, టెస్ట్‌లో ఎందుకు ఆగింది?

మధురవాడ ఐటీ హిల్ మీద మా ఆఫీసు. మా యాప్‌లో 'చెల్లించు' బటన్‌కి డిటాక్స్‌తో (మొబైల్ యాప్‌ని తనంతట తానే నడిపి పరీక్షించే టూల్) రాసిన టెస్ట్ మూడు రోజులుగా టైమ్ అవుట్ అవుతోంది. చేత్తో నొక్కితే చక్కగా పనిచేస్తోంది. రిలీజ్ దగ్గరపడుతుంటే ఒకటే టెన్షన్. గడువు పెంచినా లాభం లేదు.

డిటాక్స్ యాప్ పని ముగిసేదాకా ఆగి, అప్పుడే తర్వాతి అడుగు వేస్తుంది. ఇలా ఆగడమే సింక్రనైజేషన్. యాప్ దేనితో బిజీగా ఉందో చూపే డీబగ్ సింక్రనైజేషన్ ఆన్ చేసి చూస్తే, యాప్ ఎప్పుడూ బిజీయే. స్క్రీన్ దగ్గరగా పెట్టుకుని చూశాను. బటన్ అంచున ఆగకుండా మెరుస్తున్న సన్నటి వెలుగు. యానిమేటెడ్ లూప్! అది ఆగదు, టెస్ట్ కదలదు.

టెస్ట్ బిల్డ్‌లో, అంటే టెస్ట్ కోసమే తయారుచేసే యాప్ వెర్షన్‌లో, ఆ లూప్ తీసేశాను. సింక్రనైజేషన్ మొత్తం ఆపేయడం నాకు ఇష్టం లేదు, అప్పుడు అడుగడుగునా 'ఇక్కడ ఆగు' అని చెప్పే వెయిట్‌లు మనమే రాసుకోవాలి. పనిలో పనిగా బటన్‌ని దాని మీది అక్షరాలతో కాక టెస్ట్ ఐడీతో (కోడ్‌లో బటన్‌కి పెట్టే, భాష మారినా మారని పేరు) వెతికేలా మార్చాను. తెలుగులోనూ, ఇంగ్లిష్‌లోనూ నడవాలి కదా. వరసగా 20 సార్లు నడిపాను, అన్నీ పాస్.