దసరా సేల్ ముందు ఫీచర్ ఫ్లాగులతో జాగ్రత్త

దసరా, దీపావళి సేల్స్ దగ్గరపడితే షాపింగ్, పేమెంట్ యాప్‌ల టీమ్‌లు కోడ్ ఫ్రీజ్ పెట్టేస్తాయి. కొత్త కోడ్ ప్రొడక్షన్‌కి, అంటే కస్టమర్లు వాడే సిస్టమ్‌లోకి, వెళ్లదు కాబట్టి కాస్త నిశ్చింత. కానీ ఫీచర్ ఫ్లాగులకు, అంటే కొత్త కోడ్ పెట్టకుండానే ఒక ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లకు, ఫ్రీజ్ ఉండదు. డిప్లాయ్ (కొత్త కోడ్ పెట్టడం) అంటే నలుగురు కూర్చుని చూస్తారు, ఫ్లాగ్ మాత్రం ఎవరో ఒకరు టీ తాగుతూ మార్చేస్తారు.

ముందు పాత ఫ్లాగుల పని పట్టండి. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీని ముంచింది అలాంటిదే. 2003 నుంచి వాడకుండా వదిలేసిన 'పవర్ పెగ్' అనే ఫీచర్ ఫ్లాగునే 2012లో ఒక కొత్త ఫీచర్‌కి పెట్టుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది. ఆగస్టు 1 ఉదయం ఫ్లాగ్ ఆన్ కాగానే ఎనిమిదో సర్వర్‌లో పాత కోడ్ నిద్రలేచి, ఆపూ అదుపూ లేకుండా ఆర్డర్లు పంపింది. కంగారులో ఆ ఏడు సర్వర్లలోనూ కొత్త కోడ్ తీసేశారు. ఫ్లాగ్ ఆన్‌లోనే ఉండటంతో వాటిలోనూ పాత కోడే నడిచింది. 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా ట్రేడ్‌లు, 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మార్కెట్ తెరవకముందే 'పవర్ పెగ్' పేరుతో 97 మెయిళ్లు వచ్చాయి. పట్టించుకున్నవాళ్లు లేరు.

కాబట్టి పాత ఫ్లాగ్ పేరు మళ్లీ వాడొద్దు. అందరికీ ఆన్ అయిపోయిన ఫ్లాగుల్ని సేల్‌కి నెల ముందే కోడ్‌లోంచి తీసేయండి. సేల్ వారంలో మాత్రం ముట్టుకోవద్దు, ఆ తీసివేత కూడా కోడ్ మార్పే.

ఆఫ్ చేయడం కూడా ముందే ఒకసారి చేసి చూడాలి. ట్రాఫిక్ తక్కువున్న రాత్రి కొత్త కూపన్ ఫీచర్ ఆపి, అన్ని సర్వర్లకూ ఆ మార్పు చేరడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. ఫోన్లలోని యాప్ ఫ్లాగ్ పాత విలువనే (ఆన్ లేదా ఆఫ్) దాచుకుని ఉండొచ్చు. ఫ్లాగ్ విలువలు అందించే సర్వీసే పడిపోతే యాప్ ఏ విలువ తీసుకుంటుందన్నది అంతకంటే ముఖ్యం.

ఇంకో చిక్కుంది. కస్టమర్ కార్ట్‌లో 1,800 రూపాయలు చూసి పే నొక్కేలోపు మీరు కూపన్ ఫ్లాగ్ ఆపారనుకోండి, బిల్లు 2,000 అయి కూర్చుంటుంది. ఆర్డర్ మొదలైనప్పుడే ఫ్లాగ్ విలువ ఒక్కసారి చదివి, ఆర్డర్‌తోపాటే దాచి, చివరిదాకా అదే వాడాలి. ఫ్లాగ్ ఆపినంత మాత్రాన డేటాబేస్‌లో అప్పటికే పడ్డ తప్పు లెక్కలు సరికావు. వాటిని సరిచేసే స్క్రిప్ట్ ముందే రాసి ఉంచుకోండి.

ఫీచర్‌ని ముందు కొద్ది శాతం యూజర్లకే ఆన్ చేసి పెంచుకుంటూ పోయేటప్పుడు ప్రతి క్లిక్‌కీ చీటీ తీసినట్టు కాకుండా యూజర్ ఐడీని బట్టి ఎంచండి. సేల్ రాత్రి 5 నుంచి నేరుగా 100 శాతానికి దూకొద్దు.

ఫ్లాగ్ మార్చే హక్కు ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఇద్దరికే ఉంచండి. మార్చే ముందు గ్రూప్‌లో ఒక మాట రాయాలి. ఏ ఫ్లాగ్ ఆపితే కస్టమర్‌కి ఏం కనిపిస్తుందో ఒక్కో లైన్ చొప్పున రాసి కస్టమర్ కేర్ వాళ్లకీ ఇవ్వండి, ఫోన్లు మోగేది వాళ్ల దగ్గరే.