వాన నీళ్లు పట్టి దాచుకోవడం ఎలా? ట్యాంకు సంగతి తర్వాత, ముందు మొదటి జల్లు సంగతి చూడండి

వాన నీళ్లు పట్టడమంటే చూరు కింద డ్రమ్ము పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. పెడతారు కూడా. నెల తిరిగేసరికి నీళ్లు పచ్చబడతాయి, మూత తీస్తే కంపు, లోపల దోమ పిల్లలు గిలగిలా ఈదుతుంటాయి. అప్పుడు 'వాన నీళ్లు నిలవుండవండీ' అని తేల్చేస్తారు. ఎందుకుండవు? కప్పు మీది మురికిని, వెలుతురును, దోమను లోపలికి రానివ్వకపోతే నెలల తరబడి ఉంటాయి. ఈ మూడింటిలో చివరి రెండూ తేలిక. మొదటిదాన్నే అందరూ చెడగొడతారు కాబట్టి ఇక్కడ ఎక్కువ భాగం దాని గురించే.

ముందు లెక్క చూసుకోండి

1 చదరపు మీటరు కప్పు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. ఇంతకు మించి సూత్రం అక్కర్లేదు. కప్పు ఏటవాలుగా ఉంటే ఆ వాలు పొడవు కొలవకండి, అది నేల మీద ఎంత మేర కప్పుతుందో ఆ కొలతే తీసుకోండి. 100 చదరపు మీటర్ల కప్పు, అంటే సుమారు 1,075 చదరపు అడుగులు, 20 మి.మీ. వానకు 2,000 లీటర్లు ఇస్తుంది. కప్పు తడవడానికి, చిందిపోవడానికి ఒక 15 శాతం, మొదటి జల్లు కింద పారబోసే 100 లీటర్లు తీసేస్తే చేతికి దక్కేది 1,600.

ట్యాంకు ఎంతదుండాలో కప్పును బట్టి కాదు, వానకూ వానకూ మధ్య ఎన్నాళ్లు ఎండ కాస్తుందో దాన్నిబట్టి చూసుకోవాలి. ఎండ రోజుల్లో తోటకు చదరపు మీటరుకు రోజుకు 4, 5 లీటర్లు పడుతుంది. 20 చదరపు మీటర్ల తోటకు రోజుకు 100 లీటర్లు అనుకుంటే 2,000 లీటర్ల ట్యాంకు ఇరవై రోజులు గడుపుతుంది. 200 లీటర్ల డ్రమ్ము రెండు రోజులకే సరి. డ్రమ్ము పెట్టి తోట పెంచుదామనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

కప్పు దేనితో వేశారన్నదీ ముఖ్యమే. సిమెంటు డాబా, పెంకులు, రేకులు, ఏవైనా ఫర్వాలేదు. ఆస్బెస్టాస్ రేకులున్నా, సీసం కలిసిన రంగో తారు పూతో ఉన్నా ఆ నీళ్లు తాగడానికీ వంటకీ వద్దు.

ట్యాంకు, దిమ్మె, గట్టర్ (చూరు వెంబడి నీళ్లు పట్టే కాలువ)

ట్యాంకు నల్లదే ఉండాలి. వెలుతురు చొరబడే తెల్ల ట్యాంకులో నాచు పట్టక మానదు. ఇప్పటికే తెల్లది కొని ఉంటే బయట ముదురు రంగు రెండు పూతలు వేయండి. మూత బిగుతుగా ఉండాలి, పిల్లలున్న ఇంట్లో దానికి తాళం కూడా ఉండాలి.

1,000 లీటర్ల నీళ్లంటే ఒక టన్ను బరువు. వదులు మట్టి మీద ఇటుకలు పేర్చి పెడితే ఓ పక్కకు ఒరుగుతుంది, ఒరిగిన ట్యాంకుకు పైపు జాయింట్లు ఊడతాయి. గట్టి నేల మీద కాంక్రీటు దిమ్మె కట్టి, లెవెల్ సరిచూసి పెట్టండి. కొళాయి కింద బకెట్టు పట్టేంత ఎత్తు చాలు. ఎత్తు పెంచితే నీళ్లు జోరుగా వస్తాయన్న ఆశ పెట్టుకోకండి. ప్రతి మీటరు ఎత్తుకూ దొరికే ఒత్తిడి 0.1 బార్ మాత్రమే. మొక్కకు బొట్టుబొట్టుగా నీళ్లిచ్చే మామూలు డ్రిప్పర్లు 1 బార్ దాకా అడుగుతాయి. మోటారు పెట్టకపోతే తక్కువ ఒత్తిడికి పనిచేసే డ్రిప్పర్లు వాడండి, లేదంటే లావు గొట్టంతో పారించండి.

గట్టర్‌కు మీటరుకు 5 నుంచి 10 మి.మీ. వాలు చాలు. గట్టర్ నుంచి పైపు దిగే చోట జాలీ పెట్టండి, అదీ ఏటవాలుగా. బల్లపరుపుగా పెట్టిన జాలీ మీద ఆకులు చాపలా పరుచుకుని నీళ్లను బయటికి నెట్టేస్తాయి. ఏటవాలుగా ఉంటే జారి కింద పడతాయి.

మొదటి జల్లును పక్కకు తప్పించడం

వాన మొదలైన మొదటి కాసేపు కప్పు కడిగే పనిలో ఉంటుంది. దుమ్ము, పిట్టల రెట్టలు, ఎండిన ఆకుల పొడి, చచ్చిన పురుగులు అన్నీ ఆ మొదటి నీళ్లలోనే దిగుతాయి. ట్యాంకు అడుగున చేరే మడ్డి ఇదే, కంపుకు మూలమూ ఇదే. ఎంత నీరు వదిలేయాలి? తోటకే అయితే 0.5 మి.మీ. వాన, ఇంట్లో వాడుకకైతే కనీసం 1 మి.మీ. అంటే 100 చదరపు మీటర్లకు 50 నుంచి 100 లీటర్లు. చాలా రోజుల ఎండ తర్వాత వచ్చే మొదటి వానకు ఇదీ చాలదు. ఆ ఒక్కసారి ట్యాంకు దారి మూసేసి మొత్తం వాననూ బయటికి వదిలేయండి.

దీనికి చేతితో తిప్పే వాల్వు పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వాన అర్ధరాత్రి రెండింటికి వస్తే ఎవరు లేచి తిప్పుతారు? నిలువు పైపూ బంతీ పద్ధతే పెట్టండి, దానంతటది పనిచేస్తుంది.

పద్ధతి ఇది. కప్పు మీంచి నేరుగా దిగే పైపుకు టీ (మూడు మూతుల జాయింటు) బిగించాలి. టీ పక్క మూతి ట్యాంకు వైపు, కింది మూతి ఒక నిలువు పైపులోకి. ఆ నిలువు పైపు అడుగున మరలు తిరిగే మూత. మొదటి నీళ్లు నేరుగా కిందికి పడి నిలువు పైపును నింపుతాయి. నిండుతున్న కొద్దీ లోపలున్న బంతి తేలుతూ పైకొచ్చి మూతిని మూసేస్తుంది. ఆ తర్వాత వచ్చే తేట నీళ్లు పక్క మూతిలోంచి ట్యాంకుకు వెళతాయి. వినడానికి ఇంతే. పాడయ్యేది మాత్రం నాలుగు చోట్ల.

మొదటిది పైపు కొలత. నాలుగంగుళాల పైపు మీటరు పొడవుకు సుమారు 8 లీటర్లే పట్టుకుంటుంది. రెండడుగుల ముక్క పెట్టి పనైపోయిందనుకునేవాళ్లు నిజానికి తప్పిస్తున్నది 5 లీటర్లు. ఆరంగుళాల పైపయితే మీటరుకు 17 లీటర్ల పైచిలుకు, 3 మీటర్ల నిలువుకు 50 లీటర్లు దాటుతుంది. అందుకని 100 చదరపు మీటర్ల కప్పుకు రెండు చోట్ల పైపులు దింపి, ఒక్కోదానికీ 3 మీటర్ల ఆరంగుళాల నిలువు పైపు పెట్టండి. ఒక్కో సగానికి 1 మి.మీ. చొప్పున సరిపోతుంది. నిండినప్పుడు ఒక్కో పైపులో 50 కిలోలకు పైగా బరువుంటుంది కాబట్టి మీటరుకో క్లాంపు, గోడలోకి దిగే బోల్టులతో. తీగతో కట్టకండి.

రెండోది బంతి. నిలువు పైపు పైన, సన్న మూతి పైకి ఉండేలా రెడ్యూసర్ (లావు పైపును సన్న పైపుకు కలిపే ముక్క) వస్తుంది. బంతి ఆ సన్న మూతి కంటే కనీసం 1 సెం.మీ. పెద్దదిగా, పైపు లోపలి వెడల్పు కంటే రెండు మూడు సెం.మీ. చిన్నదిగా ఉండాలి. మరీ దగ్గరి కొలతదైతే చిన్న పుల్ల అడ్డం పడినా ఇరుక్కుపోతుంది. బోలుగా ఉండే గట్టి ప్లాస్టిక్ బంతే వాడండి. టెన్నిస్ బంతి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, సగం మునిగి తేలే బంతి మూతిని సరిగా మూయదు. రెడ్యూసర్ లోపలి అంచును ఉప్పు కాగితంతో నునుపు చేసి, వేలు పెట్టి చుట్టూ తడమండి. గోరుకు తగిలే గరుకు ఎక్కడున్నా నీళ్లు అక్కడ కారతాయి. జాయింటుకు పైపులు అతికించే సాల్వెంట్ రాసేటప్పుడు బయటి వైపు మాత్రమే రాయండి. లోపలికి కారిన సాల్వెంట్ చుక్క ఎండి గుబ్బ కడుతుంది, బంతి కూర్చునే చోటు అదే.

మూడోది బెజ్జం. వాన వెలిశాక నిలువు పైపు ఖాళీ కావాలి, లేకపోతే మరుసటి వానకు పాత మురికితోనే నిండుగా ఉండి ఏమీ తప్పించదు. ఖాళీ కావడానికి 2 మి.మీ. బెజ్జం వేయాలి, అంతకంటే పెద్దది వద్దు. 3 మీటర్ల నీటి ఎత్తు మీద ఇది గంటకు 50 లీటర్ల చొప్పున మొదలై, ఎత్తు తగ్గేకొద్దీ నెమ్మదించి, రెండు మూడు గంటల్లో పైపును ఖాళీ చేస్తుంది. 'తొందరగా పోతుంది కదా' అని 5 మి.మీ. బిట్ వేశారా, కారడం ఆరు రెట్లు అవుతుంది, గంటకు 300 లీటర్ల పైన. సన్నగా పడే వాన మొత్తం ఆ బెజ్జంలోంచే నేలపాలు. బంతి పైకి లేవనే లేవదు, ట్యాంకుకు చుక్క చేరదు, జనం మాత్రం పైన గట్టర్‌ను తిడుతుంటారు.

ఆ బెజ్జం కూడా అడుగు మూతకు కాదు, మూతకు జానెడు పైన, పైపు పక్కకు వేయాలి. అడుగున వేస్తే రెండు వానలకే ఇసుక కూరుకుని పూడుకుపోతుంది. జానెడు పైన ఉంటే మడ్డి కింద పేరుకుంటుంది, నీళ్లు మాత్రమే కారతాయి. మూత విప్పితే మడ్డి ముద్దగా జారిపడుతుంది. ఆ మూతను సాల్వెంటుతో అతికించేవాళ్లను చూస్తే ఏమనాలో తెలియదు. అది విప్పడానికే ఉంది. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి చేత్తో బిగించండి, మూతకూ నేలకూ మధ్య బకెట్టు పట్టే జాగా వదలండి.

నాలుగోది ఎత్తు. ట్యాంకులోకి నీళ్లు దిగే మూతి, టీ పక్క మూతి కంటే కిందే ఉండాలి. మధ్య పైపు ట్యాంకు వైపు కొద్దిగా వాలాలి. తలకిందులైతే నీళ్లు వెనక్కి ఎగదన్ని గట్టర్ మీంచి గోడ మీదికి పొర్లుతాయి.

అంతా బిగించాక వాన కోసం ఎదురుచూడకుండా పరీక్షించండి. బకెట్టు నీళ్లలో నీలం సిరా కలిపి గట్టర్‌లో పోయండి, వెంటనే గొట్టంతో మామూలు నీళ్లు వదలండి. నిలువు పైపు నిండి బంతి మూసుకున్నాక ట్యాంకు వైపు తేట నీళ్లు రావాలి. ఆగకుండా నీలం వస్తుంటే బంతి కూర్చోవడం లేదు. మళ్లీ విప్పాల్సిందే.

ఇసుక, గులకరాళ్లు, బొగ్గు ఫిల్టర్ సంగతి

పైపుకూ ట్యాంకుకూ మధ్య ఇసుక, బొగ్గు నింపిన డ్రమ్ము పెట్టమని ప్రతిచోటా చెబుతారు. వద్దు. జోరు వాన గంటకు 60 మి.మీ. కురిస్తే 100 చదరపు మీటర్ల కప్పు నుంచి నిమిషానికి 100 లీటర్లు దిగుతాయి. అంటే గంటకు 6,000. 60 సెం.మీ. వెడల్పు డ్రమ్ములోని ఇసుక వేగంగా వడకట్టినా గంటకు దాటించగలిగేది 1,400 లీటర్ల దాపు, అదీ ఇసుక కొత్తగా, శుభ్రంగా ఉన్నప్పుడు. మిగతాదంతా పొర్లిపోతుంది. పైగా పట్టిన మురికి ఎక్కడికీ పోదు, ఆ ఇసుకలోనే కుళ్లుతూ ఉంటుంది, తర్వాతి వాన దాన్ని నానబెట్టి ట్యాంకులోకి దించుతుంది. నిలువు పైపు మురికిని దారిలోంచే తీసేస్తుంది. వడకట్టాలనుకుంటే ట్యాంకు తర్వాత, వాడుకునే కొళాయి దగ్గర వడకట్టండి. అక్కడ నీళ్లు నెమ్మదిగా వెళతాయి, ఫిల్టర్‌కు పని చేసే తీరిక ఉంటుంది.

ట్యాంకులోకి, ట్యాంకులోంచి

నీళ్లు పైనుంచి దబదబా పడితే అడుగు మడ్డి లేస్తుంది. లోపలి పైపును అడుగు దాకా దింపి, చివర రెండు ఎల్బోలతో (వంపు ముక్కలతో) మూతి పైకి తిప్పండి. వాడుకునే కొళాయి అడుగుకు 10 సెం.మీ. పైన ఉండాలి, మడ్డి వదలడానికి అట్టడుగున ఇంకో కొళాయి. పొర్లు పైపు, లోపలికి వచ్చే పైపు కంటే సన్నగా ఉండకూడదు. నాలుగంగుళాలు లోపలికి, అంగుళం బయటికి పెడితే మూత ఎగిరిపోతుంది. పొర్లిన నీళ్లు ఇంటి పునాది దగ్గర కాకుండా దూరంగా ఇంకుడు గుంతలోకో తోటలోకో పోవాలి. ఈ పొర్లు పైపుకు జాలీ మర్చిపోతారు, దోమలు ఎక్కువగా దూరేది అక్కడే. గుడ్డు నుంచి దోమ కావడానికి వెచ్చని రోజుల్లో వారం, పది రోజులు చాలు. రంధ్రం 1 మి.మీ. దాటని జాలీని తెరిచి ఉన్న ప్రతి మూతికీ బిగించండి.

ఈ వాన నీళ్ల పైపును మంచినీళ్ల సరఫరా పైపుతో ఎక్కడా కలపకండి. ట్యాంకులో నీళ్లు అయిపోతే సరఫరా నీళ్లు పైనుంచి, మధ్యలో గాలి ఖాళీ ఉండేలా పోసుకోవాలి తప్ప వాల్వు పెట్టి జోడించకూడదు. వాల్వు ఒక రోజు కారుతుంది, ట్యాంకు నీళ్లు తాగే పైపులోకి ఎగబాకుతాయి.

తోటకు, నేల తుడవడానికి, మరుగుదొడ్డికి ఈ నీళ్లు ఉన్నవి ఉన్నట్టే వాడొచ్చు. బట్టలకు ఇంకా మంచివి, లవణాలు లేని నీళ్లలో సబ్బు తక్కువ పడుతుంది. తాగాలంటే వడకట్టి, తెర్లిన తర్వాత కనీసం ఒక నిమిషం మరగనివ్వండి. బ్లీచింగ్ పౌడర్ వాడితే, 30 శాతం క్లోరిన్ ఉన్నది 1,000 లీటర్లకు 7 గ్రాములు. బకెట్టులో కలిపి తేరనిచ్చి, పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట తర్వాత క్లోరిన్ కిట్టుతో చూస్తే లీటరుకు 0.2 నుంచి 0.5 మి.గ్రా. మిగిలి ఉండాలి. బొత్తిగా మిగల్లేదంటే లోపల మడ్డి దాన్ని తినేసింది, ముందు ట్యాంకు కడగాలి. క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది, సీసాన్ని తీయలేదు.

ట్యాంకు ఏడాదికోసారి, నీళ్లు అడుగంటినప్పుడు కడగండి. పెద్ద ట్యాంకులోకి ఒంటరిగా దిగొద్దు. మూసి ఉన్న ట్యాంకులో గాలి చాలక మనిషి అరవకుండానే పడిపోతాడు. పొడుగు కర్రకు బ్రష్షు కట్టి బయటి నుంచే తోమి, మడ్డిని అడుగు కొళాయిలోంచి వదలండి. నిలువు పైపు మూత మాత్రం వానల్లో రెండు వారాలకోసారి విప్పాలి. పక్క బెజ్జంలో గుండుసూది దూర్చి చూడండి. వాన వెలిసి మూడు గంటలైనా మూత విప్పగానే, బెజ్జం కింద నిలిచే కాసిని నీళ్లే కాక పైపు నిండా ఉన్న నీళ్లు దుమికాయంటే అది పూడుకుపోయినట్టే.