టాలహాసీకి ఊరి అర్జీ – 4వ పాఠం: ఒక్క పేజీలో పట్టే కోరిక

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ తీరనగరంలో మిమ్మల్ని రోజూ ఇబ్బంది పెట్టే ఐదు సమస్యలు రాసి, అది తీర్చే అధికారం ఎవరి చేతిలో ఉందో ఒక్కోదాని పక్కన రాయమన్నాను. సిటీదా, కౌంటీదా, రాష్ట్రానిదా, ఫెడరల్ ప్రభుత్వానిదా అని. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. 'రాష్ట్రం' అని రాసినవే ఈ పాఠానికి కావాలి. మిగతావి ఎంత బాధ పెట్టేవైనా ఇవాళ్టికి వదిలేయండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక మాట. ఫ్లోరిడా తీరంలోని నగరాలు ఏటా రాష్ట్ర చట్టసభ సమావేశాలకు ముందు 'ఈసారి మాకు కావాల్సినవి ఇవీ' అని ఒక పత్రాన్ని సిటీ కమిషన్‌లో (ఊరి ఎన్నికైన పాలక మండలిలో) ఆమోదించి రాష్ట్ర రాజధాని టాలహాసీకి పంపుతాయి. దాన్ని లెజిస్లేటివ్ ప్రయారిటీస్ అంటారు. మనవాళ్లు ఎంతోమంది ఈ ఊళ్లలో ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డారు. ఇన్సూరెన్స్ ప్రీమియం గురించి, వీధిలో నిలిచే నీళ్ల గురించి నలుగురం కలిసినప్పుడల్లా మాట్లాడుకుంటాం. ఆ మాటలు ఆ పత్రంలోకి ఎక్కించడం నేర్చుకోవచ్చు, అదేం పెద్ద విద్య కాదు. లాబీయింగ్ అనే మాట మనకు చెడ్డగా వినిపిస్తుంది కానీ, ఒక ఊరు తన ప్రతినిధి దగ్గరికి వెళ్లి నోరు తెరిచి అడగడం కూడా లాబీయింగే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ముందు అవతలివాళ్ల టేబుల్ చూడండి

ఫ్లోరిడా చట్టసభలో సెనేట్‌కు 40 మంది సెనేటర్లు, హౌస్‌కు 120 మంది ప్రతినిధులు. మున్సిపాలిటీలు నాలుగు వందలకు పైనే. రెగ్యులర్ సమావేశాలు 60 రోజులు. బేసి సంవత్సరాల్లో మార్చిలో మొదలవుతాయి, సరి సంవత్సరాల్లో ఈమధ్య జనవరిలోనే పెడుతున్నారు. ఒక సభలో వరుసగా 8 ఏళ్లకు మించి ఉండే వీలు లేదు కాబట్టి, మీ ఊరి సమస్య బాగా అర్థమైన మనిషి వెళ్లిపోయి కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలి. పైగా వాళ్ల దగ్గరికి వచ్చేవి నగరాలు మాత్రమే కాదు. స్కూల్ బోర్డులు, ఆసుపత్రులు, బిల్డర్లు, ఇన్సూరెన్స్ కంపెనీలు, అందరూ వస్తారు.

నేను ఒక సిటీ సలహా కమిటీలో కూర్చున్న మొదటి ఏడాది మా పత్రంలో 23 అంశాలు ఉన్నాయి. ఎవరినీ నొప్పించడం ఇష్టం లేక అందరి కోరికలూ చేర్చాం. ఒక ప్రతినిధి సహాయకురాలు ఆ పేజీలన్నీ ఓపికగా తిరగేసి, "వీటిలో ఒక్కటే జరుగుతుందనుకుంటే ఏది జరగాలి?" అని అడిగింది. మేం నలుగురం నాలుగు అంకెలు చెప్పాం. ఆ ఏడాది ఒక్కటీ జరగలేదు. ఆ గదిలోంచి బయటికి వస్తున్నప్పుడు కలిగిన బాధే ఈ పాఠాలు రాయడానికి అసలు కారణం.

ఆ మనిషి చేయగలిగిన పనినే అడగండి

చట్టసభ సభ్యుడు మీ కోసం చేయగలిగినవి చాలా తక్కువ. బిల్లు పెట్టగలడు, ఉన్న బిల్లుకు సవరణ తేగలడు. బడ్జెట్‌లో మీ ఊరి పేరు మీద ఒక పద్దు చేర్చమని అడగగలడు. మీకు నష్టం చేసే బిల్లు వచ్చినప్పుడు వ్యతిరేకంగా ఓటేయగలడు. మీరు రాసిన వాక్యం చదివాక వీటిలో ఏది చేయాలో తెలియకపోతే, ఆ వాక్యం పత్రంలో ఉండకూడదు.

ఉదాహరణకు ఇలాంటిది చాలా పత్రాల్లో కనిపిస్తుంది: "సముద్రమట్టం పెరుగుదల వల్ల ఎదురవుతున్న సవాళ్లను ఎదుర్కొనేందుకు నగరానికి రాష్ట్రం తగిన సహకారం అందించాలి." చదవడానికి బాగానే ఉంది. ఎవరూ కాదనరు. కాదనడానికి అందులో ఏమీ లేదు, చేయడానికి కూడా ఏమీ లేదు. దీన్ని మళ్లీ రాద్దాం. రాయాలంటే ముందు ఆ వీధికి వెళ్లాలి.

అక్టోబర్‌లో పౌర్ణమి దగ్గరి రోజులు. వాన చుక్క లేదు, ఎండ కాస్తోంది. అయినా వీధి చివర డ్రైనేజీ మీది ఇనుప జల్లెడ కన్నాల్లోంచి నీళ్లు మెల్లగా పైకి ఉబుకుతుంటాయి. చెయ్యి ముంచి నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. ఒక్కోసారి అందులో వేలెడంత చేపపిల్లలు కూడా ఈదుతుంటాయి. వాననీళ్లను సముద్రంలోకి పంపాల్సిన గొట్టం, పెద్ద పోటు వచ్చిన రోజు సముద్రాన్నే వీధిలోకి తెస్తోంది. కింగ్ టైడ్ అంటారు. దీనికి ఉన్న మందుల్లో ఒకటి ఆ గొట్టం చివర బిగించే రబ్బరు వాల్వ్. బాతు ముక్కులా ఉంటుంది. లోపలి నీళ్లు తోస్తే తెరుచుకుంటుంది, బయటి నీళ్లు తోస్తే మూసుకుంటుంది. కరెంటు అక్కర్లేదు. నత్తగుల్లలు పట్టకుండా అప్పుడప్పుడు శుభ్రం చేయాలి, అంతే.

ఇంత చూశాక వాక్యం దానంతట అదే మారుతుంది. కింది అంకెలు అభ్యాసం కోసం వేసినవి:

"తూర్పు తీరవీధిలో 6 డ్రైనేజీ గొట్టాలకు టైడ్ వాల్వులు బిగించడానికి రాష్ట్ర బడ్జెట్‌లో 4,50,000 డాలర్లు కోరుతున్నాం. అంతే మొత్తం సిటీ తన స్టార్మ్‌వాటర్ నిధి నుంచి పెడుతుంది. డిజైన్ పూర్తయింది, పర్మిట్ చేతిలో ఉంది. డబ్బు విడుదలైన 9 నెలల్లో పని ముగుస్తుంది. 112 ఇళ్లు, ఒక ఫైర్ స్టేషన్‌కు వెళ్లే దారి నీళ్లలో మునగకుండా ఉంటాయి."

'సవాళ్లు' పోయి 'గొట్టాలు' వచ్చాయి. సిటీ వాటా కనిపిస్తోంది. చివర ఫైర్ స్టేషన్ ఉంది. నా అనుభవంలో ఇళ్ల సంఖ్య కంటే ఆ ఫైర్ స్టేషనే చదివేవాళ్ల మనసులో నిలిచిపోతుంది. అంబులెన్స్ ఆగిపోయే దారిని ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు.

డబ్బు అడిగేటప్పుడు ఇంకో సంగతి తెలిసి ఉండాలి. ఇలాంటి పనులకు టాలహాసీలో రెండు తలుపులు ఉన్నాయి. ఒకటి 2021లో చట్టమైన రెసిలియెంట్ ఫ్లోరిడా కార్యక్రమం. పర్యావరణ పరిరక్షణ శాఖ ప్రాజెక్టులకు మార్కులు వేసి, వరుస కట్టి, జాబితాను చట్టసభకు పంపుతుంది. మామూలుగా సగం ఖర్చు స్థానికంగా భరించాలి. ఆర్థికంగా వెనకబడిన చిన్న ఊళ్లకు మినహాయింపు ఉంది. ఏ రోడ్డు, ఏ పంపు, ఏ భవనం ఎంత ముంపులో ఉందో చెప్పే వల్నరబిలిటీ అసెస్‌మెంట్ లేకుండా ఈ తలుపు తట్టడం దండగ. మీ ఊరికి అది ఉందో లేదో సిటీ ఇంజనీర్ ఆఫీసులో అడిగితే చెబుతారు.

రెండో తలుపు, సభ్యుడి ద్వారా బడ్జెట్‌లో నేరుగా పద్దు. దీనికి హౌస్‌లో ఒకరు, సెనేట్‌లో ఒకరు ముందుకు రావాలి. రెండు సభలకు వేర్వేరు ఫారాలు ఉంటాయి. రెండింట్లోనూ ప్రాజెక్టు పేరు, అంకె అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండాలి. ఒకచోట 4,50,000, ఇంకోచోట 'సుమారు అర మిలియన్' అని ఉంటే, అనుమానం అక్కడే మొదలవుతుంది. రెండు సభలూ ఒప్పుకున్నా పని అయిపోయినట్టు కాదు. గవర్నర్‌కు బడ్జెట్‌లో ఒక్కో పద్దును విడిగా కొట్టేసే వీటో అధికారం ఉంది. అందుకే జూన్ దాకా టెన్షన్ తప్పదు. కొత్త ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది.

'మా అధికారం తీసుకోకండి' అని అడగడం

ఈ పాఠంలో కష్టమైన భాగం ఇదే. హోమ్ రూల్ అనగానే మనకు స్కూల్లో చదివిన అనీ బిసెంట్ ఉద్యమం గుర్తొస్తుంది. ఫ్లోరిడాలో ఆ మాటకు అర్థం వేరు. 1968 రాష్ట్ర రాజ్యాంగం, 1973లో వచ్చిన చట్టం కలిసి నగరాలకు ఒక మాట ఇచ్చాయి: రాష్ట్ర చట్టం వద్దన్నవి తప్ప, ఊరి మేలు కోసం ఏ అధికారమైనా వాడుకోవచ్చు. చిక్కంతా ఆ 'తప్ప'లో ఉంది. రాష్ట్రం ఒక విషయాన్ని తన చేతిలోకి లాక్కుంటే దాన్ని ప్రీఎంప్షన్ అంటారు.

కీ వెస్ట్‌లో ఏం జరిగిందో చూడండి. 2020 నవంబర్‌లో ఆ దీవి ఓటర్లు క్రూయిజ్ ఓడల మీద మూడు ప్రతిపాదనలను గెలిపించారు. 1,300 మందికి మించి పట్టే ఓడలు రాకూడదు. రోజుకు 1,500 మందికి మించి ఓడల నుంచి దిగకూడదు. పర్యావరణం విషయంలో మంచి రికార్డు ఉన్న ఓడలకే ముందు అవకాశం ఇవ్వాలి. మరుసటి ఏడాది దీన్ని రద్దు చేయడానికి వచ్చిన విడి బిల్లు హౌస్‌లో నిలిచిపోయింది. ఊళ్లో ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత అదే విషయం రవాణా శాఖకు సంబంధించిన మరో బిల్లులో సవరణగా చేరింది, 2021 జూన్‌లో చట్టమైంది. ఓటర్లు పెట్టిన ఆంక్షలు చెల్లకుండా పోయాయి. అంతకుముందు అదే ఊరు పగడపు దిబ్బలకు హాని అని కొన్ని రసాయనాలున్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని 2019లో నిషేధించింది. ఆ నిషేధం అమల్లోకి రావాల్సిన 2021 జనవరి కంటే ముందే, 2020లో రాష్ట్రం ఆ అధికారాన్ని తీసేసుకుంది.

కాబట్టి మీ పత్రంలో 'ఫలానా నంబర్ బిల్లును వ్యతిరేకించండి' అని మాత్రమే రాస్తే చాలదు. బిల్లు నంబర్ మారుతుంది, విషయం మారదు. "ఓడరేవుకు వచ్చే ఓడల పరిమాణం మీద స్థానిక ఓటర్ల నిర్ణయాన్ని రద్దు చేసే ఏ నిబంధననైనా, అది ఏ బిల్లులో చేర్చినా, వ్యతిరేకించండి" అని రాయాలి.

ఇంకో తప్పు, 'హోమ్ రూల్‌ను కాపాడండి' అని ఒక్క ముక్కలో తేల్చేయడం. దేన్ని కాపాడాలి? 2025లో వచ్చిన సెనేట్ బిల్లు 180 తీసుకుందాం. డెబ్బీ, హెలీన్, మిల్టన్ తుఫానుల విపత్తు ప్రకటనల్లో పేరున్న కౌంటీలు, వాటిలోని నగరాలు 2027 అక్టోబర్ 1 దాకా భూవినియోగ నిబంధనలను ఇంకా కఠినంగా, ఇంకా భారంగా మార్చకూడదని అది కట్టడి చేసింది. ఇల్లు కూలి మళ్లీ కట్టుకుంటున్న కుటుంబానికి సిటీ కొత్త అడ్డంకులు పెట్టకూడదన్న ఆలోచన న్యాయమైనదే. కానీ తుఫానుతో ఏ సంబంధమూ లేని కొత్త కాలనీల మీద నిబంధనలు కూడా ఆ మాటల కింద ఇరుక్కున్నాయి. ఇరవైకి పైగా నగరాలు, కౌంటీలు కోర్టుకు వెళ్లాయి. మీరు రాసేటప్పుడు ఈ రెండిటినీ విడదీయండి: "తుఫానులో దెబ్బతిన్న కట్టడాల పునర్నిర్మాణానికి ఇచ్చిన రక్షణను ఉంచండి. దెబ్బతినని భూముల్లో కొత్త నిర్మాణాలకు ఈ కట్టడి వర్తించకుండా సవరించండి." ఇలా రాస్తే ఆ బిల్లుకు ఓటేసిన సభ్యుడు కూడా తన ఓటును తప్పని ఒప్పుకోకుండానే మీకు సాయం చేయగలడు. వాళ్లకు నిలబడే చోటు మిగల్చడం చాలా ముఖ్యం.

అద్దె ఇళ్ల సంగతి కూడా ఇంతే. వెకేషన్ రెంటల్స్‌ను నగరాలు నిషేధించకూడదు, ఎన్ని రోజులకు ఇవ్వాలో, ఎంత తరచుగా ఇవ్వాలో నియంత్రించకూడదు అని రాష్ట్ర చట్టం చెబుతుంది. 2011 జూన్ 1 నాటికి ఉన్న పాత నిబంధనలకు మాత్రం మినహాయింపు. అలాంటి పాత నిబంధన మీ ఊరికి ఉంటే దాన్ని పేరు పెట్టి పత్రంలో ప్రస్తావించండి. దాన్ని తెలియక ఇప్పుడు సవరిస్తే మినహాయింపు పోయే ప్రమాదం ఉందేమో సిటీ అటార్నీని అడగండి. 2024లో ఈ అద్దెల మీద రెండు సభలూ దాటిన బిల్లును గవర్నర్ వీటో చేశారు. అంటే ఓటింగ్ అయిపోయాక కూడా ఊరు రాయాల్సిన ఉత్తరం ఒకటి మిగిలే ఉంటుంది.

అనుమతి కోరడం వీటన్నిటికంటే తేలిక. రాష్ట్రానికి పైసా ఖర్చు ఉండదు. 2022లో నగరాలు, కౌంటీలు తమ బీచ్‌లలో, పార్కుల్లో పొగతాగడాన్ని నియంత్రించుకునే వీలు వచ్చింది, ఫిల్టర్ లేని సిగార్లకు తప్ప. ఆ మినహాయింపు చూసి నిరుత్సాహపడకండి. ఇసుకలో సిగరెట్ పీకలు ఏరిన వాలంటీర్లకు ఆ చట్టం ఎంత ఊరటో నాకు తెలుసు.

ఈ వారం పని

మీ జాబితాలోంచి ఒక్కటే ఎంచుకోండి. ఏ-ఫోర్ కాగితానికి ఒకవైపే, 200 మాటలకు మించకుండా రాయండి. మొదటి వాక్యంలోనే కోరిక ఉండాలి: బిల్లా, పద్దా, వ్యతిరేక ఓటా. రెండో వాక్యంలో సిటీ తన వంతుగా ఏం పెడుతోందో. ఆ తర్వాత మీరు కళ్లారా చూసిన ఒక్క దృశ్యం. రాశాక ఇంట్లో హైస్కూల్ చదివే పిల్లలుంటే వాళ్లకు ఇచ్చి, "ఈ మనిషిని ఏం చేయమంటున్నాం?" అని అడగండి. వాళ్లు తడబడితే మళ్లీ రాయండి.

తర్వాత మీ సిటీ కమిషన్ ఈ ప్రాధాన్యాలను ఏ తేదీన చర్చకు తీసుకుంటుందో సిటీ క్లర్క్‌ను అడిగి రాసుకోండి. ఫ్లోరిడాలో సన్‌షైన్ చట్టం ప్రకారం ఆ చర్చ బహిరంగ సమావేశంలోనే జరగాలి, నిర్ణయానికి ముందు పౌరులకు మాట్లాడే అవకాశం ఇవ్వాలి. చాలాచోట్ల మీకు దొరికేది మూడు నిమిషాలు.

5వ పాఠంలో ఆ మూడు నిమిషాలు, ఆపైన కౌంటీ డెలిగేషన్ (మీ కౌంటీ తరఫున ఉన్న చట్టసభ సభ్యుల బృందం) ముందు నిలబడే పద్ధతి చూద్దాం. వచ్చేటప్పుడు ఆ ఒక్క పేజీ వెంట తెచ్చుకోండి.