ఇన్వర్టెడ్ వీ యాంటెన్నా మోడల్‌ను కంప్యూటర్‌లో కట్టడం ఎలా?

ఒంగోలు, కావలి వైపు కొత్తగా హ్యామ్ రేడియో మొదలుపెట్టినవారు నాకు చూపించే ఇన్వర్టెడ్ వీ (నడుమ ఎత్తుగా, రెండు చివరలూ కిందికి వాలే తీగ యాంటెన్నా) మోడళ్లలో తరచుగా ఒకటే జబ్బు. తెర మీద తీగ కలిసే ఉంటుంది, లెక్కలో మాత్రం తెగి ఉంటుంది.

పాత విండోస్ ల్యాప్‌టాప్ చాలు. యాంటెన్నా లెక్కలు కట్టే 4నెక్2 ప్రోగ్రామ్ ఉచితం, దింపుకోండి. మోడల్ కట్టడానికి లైసెన్సు అక్కరలేదు, ప్రసారానికి కావాలి.

ముందు కాగితం మీద బొమ్మ వేసుకోండి. మౌస్‌తో గీయవద్దు, అంకెలు టైపు చేయాల్సిందే. 7.1 మెగాహెర్ట్జ్‌కు తీగ దాదాపు 20 మీటర్లు. డాబా మీది గొట్టం కొన నేల నుంచి 9 మీటర్లు, కొబ్బరిచెట్టుకు కట్టే చివర 3.3 మీటర్లు, ఎదుటి గోడ వైపు చివర కూడా అంతే. తీగ వ్యాసార్ధం మీటర్లలో ఇవ్వాలి. 1.6 మిల్లీమీటర్ల రాగి తీగకు 0.0008. ఇక్కడ వ్యాసం వేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇక అసలు చోటు, రెండు చేతులు కలిసే శిఖరం. విద్యుత్తు ఇచ్చే సోర్స్ ఒక సెగ్మెంట్ (లెక్క కోసం ప్రోగ్రామ్ తీగను విడగొట్టే ముక్క) నడుమ కూర్చుంటుంది, రెండు తీగల అతుకు మీద కాదు. అందుకే పైన మీటరు పొడవున్న అడ్డతీగ ఒకటి పెట్టండి: నడిమిని సున్నా అనుకుంటే మైనస్ 0.5 నుంచి 0.5 వరకు, ఒకే సెగ్మెంట్. సోర్స్ దానిలోనే. రెండు వైపులా 9.5 మీటర్ల చేతులు, ఒక్కోదానికి పది సెగ్మెంట్లు, చివరలు నడిమి నుంచి అడ్డంగా 8.1 మీటర్ల దగ్గర. సోర్స్ పక్కన సెగ్మెంట్ల పొడవులు ఇలా దాదాపు సమానంగా ఉండాలి.

చేయి మొదలయ్యే అంకెలు, అడ్డతీగ ముగిసే అంకెలు అచ్చంగా ఒకటే కావాలి. ఖాళీ సెగ్మెంట్ పొడవులో వెయ్యో వంతు దాటితే, అంటే ఇక్కడ మిల్లీమీటరు దాటితే, ప్రోగ్రామ్ ఆ తీగలను విడివిడిగానే లెక్కిస్తుంది. నేనే ఒకసారి 0.5 బదులు 0.52 కొట్టి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే శక్తిని చూపే కొలత) దిగడం లేదని రెండు సాయంత్రాలు పొడవులు మార్చుతూ కూర్చున్నాను. నడుమ ఒకదాన్నొకటి దాటే తీగలూ అంతే, బొమ్మలో తాకినా లెక్కలో తాకవు.

దీనికి విరుగుడు ఎస్‌వై వరుస, అంటే అంకెకు పేరు పెట్టే వరుస. 0.5కు ఒక పేరు, 9కి ఒక పేరు పెట్టి రెండు తీగల్లోనూ ఆ పేర్లే రాయండి. తర్వాత ఎత్తు మార్చినా అతుకు ఊడదు. ఈ సౌకర్యం ఉండగా పట్టికలో అంకెలు ఒక్కొక్కటిగా దిద్దేవారిని చూస్తే నాకు ఓపిక ఉండదు. లెక్క అయ్యాక గ్రాఫుల కంటే ముందు విద్యుత్ ప్రవాహం బొమ్మ తెరవండి. నడుమ ఎక్కువగా, చివరలకు సున్నాగా జారాలి. దారిలో ఎక్కడైనా సున్నాకు పడిపోతే అక్కడే తెగింది.

నేల సంగతి. సముద్రం దగ్గరే కదా అని కొందరు ఉప్పునీటి విలువలు (డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 81, విద్యుత్ వాహకత 5) వేస్తారు. మీ యాంటెన్నా రొయ్యల చెరువులో లేదు, ఇంటి మీద ఉంది. 13, 0.005 వేసి, సోమర్‌ఫెల్డ్ నేల (నిజమైన నేల ప్రభావాన్ని లెక్కించే పద్ధతి) ఎంచుకోండి. ఎమ్మానా అనే మరో ప్రోగ్రామ్ వాడేవారికి నా అభ్యంతరం ఇక్కడే: అది ఇంపెడెన్స్‌ను (సోర్స్ దగ్గర యాంటెన్నా చూపే అవరోధాన్ని) విద్యుత్తు పూర్తిగా పారే ఆదర్శ నేల మీద కడుతుంది, 9 మీటర్ల ఎత్తులోని తీగకు ఆ అంకె నమ్మదగినది కాదు.

కట్టాక పీవీసీ తొడుగున్న తీగ 6.9 మెగాహెర్ట్జ్ దగ్గర పలికితే కంగారు పడకండి. మోడల్‌లో మీరు వేసింది ఒట్టి రాగి. రెండు చివరలా ఒక్కోసారి పది సెంటీమీటర్లు మడుస్తూ ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చూసుకోండి.