టారో నేర్చుకుందాం, 5వ పాఠం: మూడు కార్డులకి సంధి కలపడం

టారో అంటే 78 బొమ్మల కార్డుల కట్ట, అందులోంచి రోజుకో కార్డు తీసి నోట్‌బుక్‌లో రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను కదా, రాసినవాళ్ళు ఒకసారి పేజీలు వెనక్కి తిప్పి చూడండి, రాయనివాళ్ళు ఇవాళ మొదలుపెట్టినా ఏం పర్లేదు. ఇవాళ మూడు కార్డులు పక్కపక్కన పెడతాం. చాలామంది ఇక్కడే బండి ఆపేస్తారు, ఎందుకంటే విడివిడిగా మూడిటి అర్థాలూ తెలుసు, కలిపి చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. "మీరు కన్ఫ్యూజన్‌లో ఉన్నారు. కష్టపడతారు. వదిలేసి వెళ్తారు." అని మూడు ముక్కలు చెప్పేసి ఊరుకుంటారు, ఎదుటివాళ్ళేమో "అయితే?" అంటారు. ఆ "అయితే" తర్వాత ఏం చెప్పాలో అదే ఇవాళ్టి పాఠం.

నేను మొదట్లో చేసిన ఘనకార్యం చెప్తాను. ఇల్లు మారడం గురించి ఒక ఫ్రెండ్ అడిగితే మధ్యలో డెత్ కార్డు వచ్చింది, నేను కంగారుపడి కార్డులతో వచ్చిన చిన్న పుస్తకంలో "ముగింపు" అని ఉన్నది గట్టిగా చదివేసి, తనకి సారీ కూడా చెప్పి, కార్డులు మూసేశాను. మూడో కార్డు స్టార్. దాన్ని నేను చూడనేలేదు! పాత ఇంటి సంగతి తేలిపోయి, ఊపిరి పీల్చుకునే చోటుకి వెళ్తున్నావు అని చెప్పాల్సినదాన్ని సంతాపసభ చేశాను.

ముందు డెక్ గురించి, అంటే కార్డుల కట్ట గురించి ఒక మాట. మనం వాడేది 1909లో లండన్‌లో వచ్చిన రైడర్-వెయిట్-స్మిత్ డెక్, లేదా దాన్ని చూసి గీసిన వందల డెక్కుల్లో ఏదో ఒకటి. బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్. ఆవిడ నంబర్ కార్డుల్లో (కప్పులు, కత్తులు అంటే స్వోర్డ్స్, కర్రలు అంటే వాండ్స్, నాణేలు అంటే పెంటకిల్స్) కూడా మనుషుల్ని పెట్టి సీన్లు గీసింది కాబట్టే ఇవాళ నేను చెప్పే పద్ధతి పనిచేస్తుంది. పాత మార్సెయ్ డెక్కుల్లో ఐదు కప్పులంటే ఐదు కప్పులే, అక్కడ ఎవరు ఎటు చూస్తున్నారో చూద్దామంటే ముఖమే ఉండదు. మీ దగ్గర అలాంటి డెక్ ఉంటే ఈ ఒక్క పాఠానికి వేరేది తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. స్కూల్లో సంధులు గుర్తున్నాయా? బట్టీ పట్టి పరీక్ష అయ్యాక మర్చిపోయినవే. రెండు పదాలు పక్కపక్కన కూర్చున్నప్పుడు మధ్యలో ఏదో ఒకటి జరుగుతుంది, ఒక్కోసారి ఒక అక్షరం పోతుంది, ఒక్కోసారి లేనిది వచ్చి చేరుతుంది, ఒక్కోసారి ఉన్నదే మారిపోతుంది. లోపం, ఆగమం, ఆదేశం. కార్డుల మధ్య కూడా నాకు కనిపించేవి దాదాపు ఈ మూడే. ఇది ఏ టారో పుస్తకంలోదీ కాదు, నేను నేర్చుకునేటప్పుడు నాకు తట్టిన కొండగుర్తు.

లోపం అంటే మేన, అత్త కలిసి మేనత్త అయినట్టు, మధ్యలో ఒక "అ" పోతుంది. నైన్ ఆఫ్ స్వోర్డ్స్ చూడండి, మంచం మీద లేచి కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్న మనిషి, వెనక చీకటి. దాని పక్కన సన్ వచ్చిందనుకోండి, తెల్ల గుర్రం మీద పిల్లాడు, గోడ మీదుగా పొద్దుతిరుగుడు పూలు. ఆ భయంలో సగం చీకటి వల్ల వచ్చిందే, తెల్లారితే అది పోతుంది, సమస్య మాత్రం దాని అసలు సైజులో మిగులుతుంది. అదే సన్ ముందొచ్చి నైన్ ఆఫ్ స్వోర్డ్స్ తర్వాతొస్తే? మంచి వార్తే వచ్చింది, కానీ కంటి మీద నిద్ర ఎగిరిపోయింది. ఈ కార్డులే, వరస మారింది, పోయేది మారింది.

ఆగమం నాకు చాలా ఇష్టం. మా, అమ్మ కలిస్తే మాయమ్మ, ఎక్కడిదో ఒక "య" వచ్చి మధ్యలో కూర్చుంటుంది. ఫైవ్ ఆఫ్ కప్స్‌లో నల్ల అంగీ మనిషి ఒలికిపోయిన మూడు కప్పుల్నే చూస్తూ నిలబడతాడు, వెనకాల రెండు కప్పులు నిలబడే ఉన్నాయి, దూరంగా ఒక వంతెన కూడా ఉంది. దాని పక్కన త్రీ ఆఫ్ వాండ్స్, ఎత్తు మీద నిలబడి సముద్రంలో ఓడల్ని చూస్తున్న మనిషి. ఈ రెండిటి మధ్య ఏదో జరక్కుండా మొదటివాడు రెండోవాడు కాలేడు కదా! వాడు వెనక్కి తిరగాలి, మిగిలిన రెండు కప్పులు చూసుకోవాలి, వంతెన దాటాలి. టేబుల్ మీద ఆ కార్డు లేదు, కానీ మీరు చెప్పాల్సింది దాని గురించే. రెండు కార్డులకి అస్సలు పొంతన కుదరట్లేదు అనిపించినప్పుడల్లా "మధ్యలో ఏం జరిగితే ఇది అది అవుతుంది" అని అడగండి.

ఆదేశం అంటే వాడు కొట్టె అన్నది వాడుగొట్టె అయినట్టు, గట్టిగా ఉన్న "క" మెత్తబడి "గ" అవుతుంది. నైట్ ఆఫ్ స్వోర్డ్స్, అంటే కత్తి ఎత్తి గుర్రం మీద దూసుకెళ్ళే యోధుడు, ఒక్కడే వస్తే దూకుడు, ముందు మాట తర్వాత ఆలోచన. టెంపరెన్స్ పక్కన వస్తే మనిషి అతనే, కత్తీ అదే, కానీ ఒక కప్పులోంచి ఇంకో కప్పులోకి నీళ్ళు పోస్తున్న ఆ దేవత పక్కన ఆ దూకుడు కాస్తా కొలిచి చెప్పిన ముక్కుసూటి మాట అవుతుంది. ఇక్కడే ఇంకోటి గమనించండి, నైట్ ఆఫ్ స్వోర్డ్స్ గుర్రం మన ఎడమ చేతి వైపు పరిగెడుతుంది. టెంపరెన్స్ ఎడమ పక్కనుంటే దాని దగ్గరికే వెళ్తున్నాడు, కుడి పక్కనుంటే దానికి వీపు చూపించి పారిపోతున్నాడు, అప్పుడు మెత్తబడ్డాడు అని చెప్పలేం. ఎవరు ఎవరి వైపు చూస్తున్నారు అనేది అర్థాల లిస్టుకన్నా ముందు చూడాలి.

సరే, ఇప్పుడు ఒకటి మొత్తం చదువుదాం. ప్రశ్న: "ఉద్యోగం మారాలా వద్దా ఆరు నెలలుగా తేల్చుకోలేకపోతున్నాను, నన్ను ఆపుతున్నదేంటి?" ప్రశ్న కూడా చూడండి, "మారతానా" అని అడగలేదు. అలా అడిగితే కార్డులు అవును కాదు అని తల ఊపవు, మనమే మనకి కావాల్సింది ఊపించుకుంటాం.

వచ్చినవి టూ ఆఫ్ స్వోర్డ్స్, ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, ఎయిట్ ఆఫ్ కప్స్. మొదటిదాంట్లో కళ్ళకి గంతలు కట్టుకుని, రెండు కత్తులు గుండెల మీద అడ్డంగా పట్టుకుని కూర్చున్న ఆవిడ. రెండోదాంట్లో తల వంచుకుని పని చేసుకుంటున్న కుర్రాడు. మూడోదాంట్లో పేర్చిన కప్పుల్ని వదిలేసి కొండల వైపు వెళ్ళిపోతున్న మనిషి. నేను మొదట చూసేది కళ్ళు. ఒకరికి గంతలు, ఒకరి చూపు చేతిలో పని మీదే, ఒకరు వీపు తిప్పేశారు. ముగ్గురిలో ఒక్కరూ మనవైపు చూడట్లేదు! అంటే నిర్ణయం కష్టంగా ఉందని కాదు, దాని ముఖం చూడకుండా ఉండటానికి పని అడ్డం పెట్టుకుంటున్నారు, బాగా పనిచేసేవాళ్ళని ఎవరూ ఏమీ అనరు కాబట్టి ఈ అడ్డం చాలా బాగా పనిచేస్తుంది కూడా. ఇక చివరి కార్డులో కప్పులు చూడండి, పగల్లేదు, ఒలకలేదు, అన్నీ నిలబడే ఉన్నాయి, పేర్చిన వరసలో మాత్రం ఒక ఖాళీ ఉంది. అంటే ఈ ఉద్యోగం చెడ్డదని తేలితే వదిలేద్దామని ఎదురుచూస్తున్నారు, అది ఎప్పటికీ తేలదు, ఎందుకంటే అది చెడ్డది కాదు, సరిపోవట్లేదు అంతే.

తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది కదా, మూడో కార్డుని అలా చూడండి. ఇవే మూడు కార్డులు తిరగేసి ఎయిట్ ఆఫ్ కప్స్ ముందు, టూ ఆఫ్ స్వోర్డ్స్ చివర పెడితే మనసులో ఎప్పుడో రిజైన్ చేసేసి, కొత్త పని కూడా నేర్చుకుంటూ, చివరి మెట్టు మీద కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి కనిపిస్తాడు. అతనికి చెప్పే మాట వేరు.

ఇక లెక్కలు, దీన్ని ఎవరూ చెప్పరని నాకు కోపం. 78 కార్డుల్లోంచి మూడు వరసగా తీస్తే వచ్చే అమరికలు 4,56,456, అంటే అన్నీ బట్టీ పట్టే ఆశ వదులుకోండి. మూడూ మేజర్ ఆర్కానా (డెత్, స్టార్, సన్ లాంటి 22 పెద్ద కార్డులు) రావడం వందలో రెండు సార్లు జరుగుతుంది, అప్పుడు కాస్త ఆగి చూడటంలో తప్పులేదు. కానీ వాండ్స్‌ని అగ్నికి గుర్తుగా చెప్తారు కదా అని "వాండ్స్ ఒక్కటీ రాలేదు, నీలో అగ్ని లేదు" లాంటి మాటలు మాత్రం అనకండి ప్లీజ్, మూడు కార్డుల్లో వాండ్స్ అసలు రాకపోవడం వందకి 55 సార్లు జరిగేదే. అలాగే నిన్నటి కార్డు ఇవాళ మళ్ళీ వచ్చిందని ఒళ్ళు జలదరించే బ్యాచ్ ఉంటుంది, రోజూ మూడు తీసేవాళ్ళకి తొమ్మిది రోజులకోసారి అది ఎలాగూ జరుగుతుంది. కార్డులు భవిష్యత్తు చెప్తాయని నేను ఎవరికీ మాట ఇవ్వను, మన కళ్ళు తప్పించుకు తిరుగుతున్నదాన్ని టేబుల్ మీద పెడతాయి, నాకు అది చాలు. జబ్బులు, కోర్టు కేసులు, ఎవరైనా బతుకుతారా లేదా, ఇవి అడిగితే డెక్ తీయకండి.

ఈ వారం పని: రోజు మార్చి రోజు మూడు కార్డులు, అన్నీ నిటారుగానే, తలకిందులైనవి 7వ పాఠంలో చూద్దాం. ముందు పుస్తకం ముట్టుకోకుండా బొమ్మలో ఎవరు ఏం చేస్తున్నారో రాయండి. తర్వాత మొదటి రెండిటి మధ్య లోపమా ఆగమమా ఆదేశమా తేల్చండి, తేలకపోతే తేలలేదనే రాయండి. ఆ తర్వాత మొత్తం కలిపి ఒకే ఒక్క వాక్యం, ఎంత పొడుగైనా పర్లేదు కానీ మధ్యలో ఫుల్‌స్టాప్ పెట్టకూడదు, పెట్టారంటే మళ్ళీ మూడు ముక్కలైపోతాయి. చివరికి వరస తిరగేసి ఇంకో వాక్యం.

అందరూ ఒకేదాని మీద చేయడానికి ఇది కూడా ఇస్తున్నాను. ప్రశ్న: "కొత్త చోటికి వచ్చాను, మనవాళ్ళు అనుకునేవాళ్ళు ఎవరూ దొరకట్లేదు, ఏం చేయాలి?" కార్డులు సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్, హెర్మిట్, ఏస్ ఆఫ్ వాండ్స్. నా వాక్యం వచ్చే పాఠంలో చెప్తాను, ఈలోగా ఒక్క క్లూ: మూడు బొమ్మల్లోనూ ఒక కర్ర ఉంది, అది ఎవరి చేతిలో ఉందో చూడండి.