దివ్యాంగ ఉద్యోగి ఫిర్యాదు ఇస్తే రెండు వారాల్లో విచారణ ఎలా చేయాలి

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా దివ్యాంగుల ఫిర్యాదుల పరిష్కార అధికారిగా మీ పేరు పడిందా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ముందు 20, 23 సెక్షన్లు చదవండి.

ఫిర్యాదు అందిన రోజే రిజిస్టర్‌లో ఎక్కించండి. తేదీ, ఫిర్యాదుదారు పేరు, ఘటన జరిగిన చోటు, సారాంశం, జతచేసిన కాగితాలు అన్నీ రాయాలి. నమోదైన నాటి నుంచి రెండు వారాల్లో విచారణ ముగియాలి. చాలాచోట్ల పని చెడేది ఇక్కడే: కాగితం ఇన్‌వార్డులోనే (వచ్చిన కాగితాలు తీసుకునే సెక్షన్‌లోనే) వారం పడి ఉంటుంది.

తర్వాత ఫిర్యాదు ఇచ్చిన ఉద్యోగి పనిచేసే సీటు దగ్గరికి మీరే వెళ్లి చూడండి. దేవరకొండలో మండల ఆఫీసు ఉద్యోగి చక్రాల కుర్చీలో ఉండి, రికార్డు గది మేడ మీద ఉందనుకోండి. ఫైళ్లు కిందికి తెప్పించినా, సీటు మార్చినా సరిపోతుంది, పైసా ఖర్చుండదు. ఏం కావాలో ఆ ఉద్యోగినే అడగండి, పక్కవాళ్లను కాదు.

సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వారిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే వేతన స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి. అదీ లేకుంటే తగిన పోస్టు దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా, ఏది ముందైతే అంతవరకు సూపర్‌న్యూమరరీ పోస్టులో (మంజూరైన పోస్టులకు అదనంగా సృష్టించే పోస్టులో) ఉంచాలి. స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టించాలని చూస్తే దాన్ని అక్కడే ఆపండి.

మీ నిర్ణయం కారణాలతో సహా రాతలో ఇవ్వండి. దానితో ఫిర్యాదుదారుకు తృప్తి లేకపోతే జిల్లా స్థాయి దివ్యాంగుల కమిటీకి వెళ్లవచ్చని అందులోనే రాయండి.